ఆసియా ఫిరంగుల్లో ఏది మేలు? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల మా శీర్షికకు అందిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే ఆట గురించి ఉన్నాయి. 2005లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3 అనే కంప్యూటర్ యుద్ధవ్యూహపు ఆటకు 2007లో ది ఏషియన్ డైనాస్టీస్ అనే విస్తరణ వచ్చి భారత్, చైనా, జపాన్ నాగరికతలను చేర్చింది. 2020లో డెఫినిటివ్ ఎడిషన్ విడుదలయ్యాక మన నగరంలోనూ దీన్ని ఆడేవారు మళ్లీ కనిపిస్తున్నారు. ఉత్తరాలన్నీ ఫిరంగుల చుట్టూనే తిరుగుతున్నందున ఈసారి వేరే విషయం జోలికి పోకుండా వాటికే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మేం నలుగురు మిత్రులం ప్రతి వారాంతంలో ఈ ఆట ఆడతాం. నేను ఎప్పుడూ భారత్‌నే ఎంచుకుంటాను. యూనిట్ల వివరాలు పోల్చి చూస్తే ఫిరంగి మోసే ఏనుగుకు ఉన్నంత ప్రాణశక్తి చైనా, జపాన్ ఫిరంగి దళాలకు లేదు. అయినా చైనా తరఫున ఆడే మిత్రుడి చేతిలో నేనే ఓడిపోతున్నాను. అసలు ఈ మూడింట్లో ఎవరి ఫిరంగి దళం మెరుగైనది?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: మీరు చూస్తున్న ప్రాణశక్తి అంకె నిజమైనదే. కానీ ఫిరంగిని దాని ప్రాణశక్తితో కొలవకూడదు. ఈ ఆటలో ఫిరంగి దళానికి మూడు వేర్వేరు పనులున్నాయి. గుంపుగా వచ్చే కాల్బలాన్ని చెదరగొట్టడం మొదటిది, కట్టడాలను కూల్చడం రెండోది, ఎదుటివారి ఫిరంగుల నోరు మూయించడం మూడోది. ఐరోపా నాగరికతల్లో ఈ పనులు ఫాల్కనెట్, మోర్టార్, కల్వరిన్ అనే మూడు ఫిరంగులకు స్పష్టంగా పంచి ఉంటాయి. ఆసియా నాగరికతల దగ్గరకు వచ్చేసరికి రూపకర్తలు ఆ పంపకాన్ని ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా మార్చేశారు. కాబట్టి ఎవరి ఫిరంగి గొప్పది అని అడగడం కంటే, ఎవరి దగ్గర ఏ పనికి ఫిరంగి లేదు అని అడిగితే మీ ఓటమికి కారణం వెంటనే దొరుకుతుంది.

చైనాకు ఫ్లేమ్ త్రోయర్ ఉంది. దాని పరిధి చిన్నదే, అయినా దాని ముందుకు వచ్చిన కాల్బలం ఒక్కసారిగా కాలిపోతుంది. హ్యాండ్ మోర్టార్ చూడటానికి మామూలు సైనికుడిలా నడుస్తూ వచ్చి కట్టడాలను, ఎదుటి ఫిరంగులను దెబ్బతీస్తుంది. ఇక ఫ్లయింగ్ క్రో చాలా దూరం నుంచి రాకెట్లు కురిపించి విశాలమైన జాగాలో నష్టం కలిగిస్తుంది. కన్ఫ్యూషియన్ అకాడమీ అనే వండర్ (ఆ నాగరికతకే ప్రత్యేకమైన పెద్ద కట్టడం) కడితే ఈ ఫ్లయింగ్ క్రోలు వాటంతట అవే తయారై వస్తుంటాయి. అంటే మూడు పనులకూ చైనా దగ్గర మనుషులున్నారు. జపాన్ దగ్గర కాల్బలం మీదికి ఫ్లేమింగ్ యారో, కట్టడాల మీదికి మోరుతారు ఉన్నాయి. ఎదుటి ఫిరంగుల సంగతి గుర్రం మీద నుంచి బాణాలు వేసే యబుసమె దళం చూసుకుంటుంది. మీరు ఎంచుకున్న భారత్ దగ్గర ఫిరంగి మోసే సీజ్ ఎలిఫెంట్ కట్టడాలకు, ఫిరంగులకు విరుగుడు. తొండంతో ఇనుప గుండు గొలుసు తిప్పే ఫ్లెయిల్ ఎలిఫెంట్ గోడల దగ్గరకే వెళ్లి వాటిని బద్దలు కొడుతుంది. గుంపుగా వచ్చే కాల్బలాన్ని తుడిచిపెట్టే ఫిరంగి మాత్రం భారత్ సైనిక కట్టడమైన క్యాజిల్‌లో తయారు కాదు. మీ మిత్రుడు సరిగ్గా ఆ ఖాళీలోంచే మీ మీదికి వస్తున్నాడని నా అభిప్రాయం.

ఆట నడిచే తీరును ఒకసారి ఊహించండి. మీరు నాలుగు సీజ్ ఎలిఫెంట్లను ముందు నడిపిస్తారు. అవి నెమ్మదిగా కదులుతాయి, ఒంటి పరిమాణం పెద్దది, జనాభా పరిమితిలో కూడా ఒక్కొక్కటి చాలా చోటు తీసుకుంటుంది. కనుక వాటి చుట్టూ నిలబెట్టడానికి మీ దగ్గర సైనికులు తక్కువే మిగులుతారు. ఎదురుగా చు కొ ను విలుకాళ్లు, ఈటెగాళ్లు కలిసి ఒకే గుంపుగా తయారయ్యే చైనా పతాక సైన్యం వస్తుంది. ఏనుగు మీది ఫిరంగి ఒక గుండు వేసి మళ్లీ సిద్ధమయ్యేలోపు ఆ గుంపు దగ్గరకు చేరిపోతుంది. గుంపు మీద ఆ గుండు ప్రభావం అంతంతమాత్రమే. ఈలోగా ఉల్కగుండ్లను గొలుసుతో తిప్పే మీటియర్ హ్యామర్ ఆశ్వికులు పక్క నుంచి వస్తారు, వారిని సృష్టించిందే ఫిరంగులను వేటాడటానికి. అంకెల్లో అంత బలంగా కనిపించిన ఏనుగు అక్కడ నిలబడి గుండ్లు లెక్కపెట్టుకుంటున్నట్టే అవుతుంది.

దీనికి మార్గం ఉంది. కాల్బలం గుంపును చెదరగొట్టే పనిని ఫిరంగి నుంచి తీసేసి మావటి ఈటెదళానికి, అంటే మహౌత్ లాన్సర్‌కు అప్పగించండి. దాని దెబ్బ ఒక్కడికి కాకుండా చుట్టుపక్కల ఉన్నవారందరికీ తగులుతుంది. సిపాయిలను ముందు వరుసలో, గూర్ఖాలను వారి వెనుక నిలబెట్టి, చిన్న ఫిరంగులు మోసే జంబూరక్ ఒంటెలను రెండు పక్కలా ఆశ్వికుల కోసం కాపలా ఉంచండి. సీజ్ ఎలిఫెంట్లు అందరికంటే వెనుక ఉండాలి, అవి కొట్టవలసినది ఎదుటి కాల్బలాన్ని కాదు, ఫ్లేమ్ త్రోయర్లను. వాటి పరిధి చిన్నది కాబట్టి అవి మీ సిపాయిలను అందుకునేలోపే దూరం నుంచి కొట్టే అవకాశం మీకుంటుంది. ఆట మొదలైన వెంటనే దళాన్ని మొత్తంగా ఎంచుకుని ఒకేచోట క్లిక్ చేసే అలవాటు చాలామందికి ఉంటుంది. ఫిరంగి ఏనుగులకు విడిగా ఒక సంఖ్య కేటాయించుకుని విడిగా ఆజ్ఞ ఇవ్వడం నేర్చుకుంటే మీ ఆటలో సగం మార్పు అక్కడే వస్తుంది. కాన్సులేట్ అనే భవనం కట్టుకుని ఐరోపా దేశంతో స్నేహం చేస్తే ఎగుమతి వనరుతో అక్కడి దళాలను రప్పించుకోవచ్చన్న సంగతి కూడా మరవవద్దు. భారత్‌కు ఫిరంగుల్లో ఉన్న లోటును పూడ్చుకోవడానికి ఆట ఇచ్చిన దారి అదే.

మన ఊరివారు కాబట్టి మరొక మాట. భారత్ కట్టుకోగల వండర్లలో చార్మినార్ గేట్ ఒకటి. అది ఉంటే మన్సబ్‌దార్ యూనిట్లను తయారు చేసుకోవచ్చు, మన్సబ్‌దార్ ఏనుగు తన చుట్టూ ఉన్న అదే రకం ఏనుగుల శక్తిని పెంచుతుంది. సీజ్ ఎలిఫెంట్లు ఎక్కువగా వాడేవారు ఆ వండర్‌ను పక్కన పెట్టడం నాకు అర్థం కాదు.

తీర్పు చెప్పమంటే, మూడు పనులకూ సరిపోయే వైవిధ్యంలో చైనాదే పైచేయి. కొత్తగా నేర్చుకునేవారికి ఫ్లేమింగ్ యారో ఉన్న జపాన్ సులువు. కోటలు కూల్చే పనిలో భారత్‌కు సాటి లేదు, కాకపోతే అక్కడిదాకా ఏనుగులను క్షేమంగా నడిపించే బాధ్యత పూర్తిగా ఆటగాడిదే. ధరలు, పరిధులు, దెబ్బ అంకెలు ప్రతి నవీకరణతో మారుతుంటాయి కనుక వాటిని ఇక్కడ ఇవ్వడం లేదు. పైన చెప్పిన పనుల పంపకం మాత్రం మొదటి నుంచీ అలాగే ఉంది.

ప్రశ్న: మా మనవడు ఆడుతుంటే చూశాను. ఏనుగు వీపు మీద పెద్ద ఫిరంగి పెట్టి పేలుస్తున్నారు. మరో ఏనుగు తొండంతో ఇనుప గుండు గొలుసు తిప్పుతోంది. చరిత్రలో ఇలాంటివి నిజంగా ఉన్నాయా?
– విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయులు, నల్లకుంట

జవాబు: గురువుగారూ, సగం ఉన్నాయి, సగం ఆట కోసం పెంచారు. అక్బర్ ఆస్థానంలోని అబుల్ ఫజల్ తన అయిన్-ఇ-అక్బరీలో గజనాల్, నర్నాల్ అనే రెండు రకాల చిన్న ఫిరంగులను పేర్కొన్నాడు. మొదటిది ఒక ఏనుగు మోయగలిగేది, రెండోది ఒక మనిషి మోయగలిగేది. కనుక ఏనుగు మీద ఫిరంగి కల్పన కాదు. కాకపోతే అవి తేలికపాటి ఫిరంగులు, గోడలు పగలగొట్టే స్థాయివి కావు. ఆటలో మాత్రం ఆ ఏనుగు కోటను కూల్చే యంత్రంగా మారింది.

నిజమైన ముట్టడి ఫిరంగుల బరువు తలచుకుంటే ఈ తేడా తెలుస్తుంది. బీజాపూర్ బురుజు మీద నేటికీ ఉన్న మాలిక్-ఎ-మైదాన్‌ను 1549లో అహ్మద్‌నగర్‌లో పోత పోశారు. దాని బరువు సుమారు 55 టన్నులు. దాన్ని వీపున మోసే ఏనుగు లేదు. మొగల్ సైన్యంతో ప్రయాణం చేసిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ పెద్ద ఫిరంగులు 70 వరకు ఉండేవని, వాటిలో కొన్నింటిని లాగడానికి 20 జతల ఎద్దులు కావలసి వచ్చేవని, దారి బాగా లేని చోట ఏనుగులు వెనుక నుంచి తలతో, తొండంతో చక్రాలను నెట్టేవని రాశాడు. అంటే ఏనుగు ముట్టడి ఫిరంగిని మోయలేదు, నెట్టింది. ఇదే పనిని ఆటలో చూపించి ఉంటే ఎంత బాగుండేది! ఫిరంగిని నెట్టుకుంటూ వచ్చి గోడ ముందు వదిలి వెనక్కి వెళ్లే ఏనుగు, చూడటానికి కూడా కొత్తగా ఉండేది. అదే బెర్నియర్ రెండు మూడు వందల ఒంటెల మీద తిరిగే చిన్న ఫిరంగులను బిగించడం గురించి కూడా చెప్పాడు. ఆటలోని జంబూరక్ దళం ఆ వర్ణనకు చాలా దగ్గరగా ఉంది, ఈ ఒక్క యూనిట్‌ను రూపకర్తలు శ్రద్ధగా చేశారని మెచ్చుకోవాలి.

గొలుసు తిప్పే ఏనుగు విషయానికి వస్తే, 15వ శతాబ్దంలో బీదర్ వచ్చిన రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్ అక్కడి ఏనుగుల తొండాలకు, దంతాలకు పెద్ద కత్తులు కట్టేవారని, పైనున్న బురుజుల్లో ఆయుధాలతో సైనికులు నిలిచేవారని రాశాడు. తొండానికి ఆయుధం ఇవ్వడం దక్కనులో ఉన్న పద్ధతే. దానితో కోట గోడను పగలగొట్టడం మాత్రం ఆటకే పరిమితం.

ప్రశ్న: ఆటలో రాకెట్ అనే ఫిరంగి దళం బ్రిటిష్ నాగరికతకు ప్రత్యేకంగా ఇచ్చారు. మైసూరు రాకెట్లు ఉన్న భారత్‌కు ఏనుగులు ఇచ్చారు. ఇది న్యాయమేనా?
– టోలిచౌకి నుంచి ఒక పాఠకుడు

జవాబు: న్యాయం కాదు. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల సైన్యంలో రాకెట్ దళాలు ప్రత్యేకంగా ఉండేవి. వారి రాకెట్ల గొప్పదనం ఇనుప గొట్టంలో ఉంది. అప్పటివరకు వాడిన కాగితం, వెదురు గొట్టాలు లోపలి పీడనానికి తట్టుకోలేవు. ఇనుప గొట్టం తట్టుకుంటుంది కాబట్టి మందు ఎక్కువ దట్టించవచ్చు, తోపుడు పెరిగి రాకెట్ ఎక్కువ దూరం వెళుతుంది. పొడవాటి వెదురు కర్రనో కత్తినో కట్టి దాన్ని గాలిలో నిలకడగా పోయేలా చేసేవారు. 1780లో కాంచీపురానికి దగ్గరలోని పొల్లిలూరు వద్ద ఈస్టిండియా కంపెనీకి చెందిన కర్నల్ బెయిలీ సేన ఘోరంగా ఓడిపోయింది. ఆ యుద్ధంలో మైసూరు రాకెట్లు తగిలి కంపెనీ వారి మందుగుండు బండ్లు పేలిపోవడం నిర్ణాయకమైందని చెబుతారు.

1799లో శ్రీరంగపట్నం పతనమయ్యాక అక్కడ దొరికిన రాకెట్లను ఇంగ్లండులోని వూల్విచ్‌కు తీసుకెళ్లారు. వాటిని చూసి విలియం కాంగ్రీవ్ తన రాకెట్లు తయారు చేశాడు, 1806లో ఫ్రాన్సులోని బులోన్ మీద, 1807లో కోపెన్‌హాగన్ మీద బ్రిటిష్ నౌకాదళం వాటిని వాడింది. ఆటలో బ్రిటిష్ వారికి దక్కిన రాకెట్ ఈ కాంగ్రీవ్ రాకెట్టే. కాబట్టి బ్రిటిష్ వారికి రాకెట్ ఇవ్వడం తప్పు కాదు, దాని పుట్టినింటికి ఇవ్వకపోవడమే తప్పు. 2005లో వచ్చిన మూల ఆటలో భారత్ లేదు కాబట్టి అప్పుడు సమర్థించుకోవచ్చు. 2007లో భారత్‌ను చేర్చినప్పుడు ఒక మైసూరు రాకెట్ దళాన్ని చేర్చి ఉంటే కూకట్‌పల్లి విద్యార్థి అడిగిన లోటు కూడా తీరిపోయేది. గుంపుగా వచ్చే కాల్బలాన్ని, ఆశ్వికుల గుర్రాలను బెదరగొట్టి చెదరగొట్టడమే ఆ రాకెట్ల అసలు పని కదా.

ప్రశ్న: జపాన్‌కు నిజమైన ఫిరంగుల కంటే నిప్పు బాణాలు ఎందుకు ఇచ్చారు? కొరియాను ఎందుకు వదిలేశారు?
– సైనిక్‌పురి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: జపాన్‌లోకి తుపాకులు 1543లో తనెగషిమా ద్వీపం ద్వారా వచ్చాయి, కొద్ది దశాబ్దాల్లోనే అక్కడి కమ్మరులు వాటిని వేల సంఖ్యలో తయారు చేశారు. పెద్ద ఫిరంగులు మాత్రం అక్కడ అంతగా పాతుకుపోలేదు. కొండలతో నిండిన దారుల్లో వాటిని లాగడం కష్టం, కోటల పునాదులేమో వాలుగా పేర్చిన మందపాటి రాతి కట్టడాలు. నిప్పు బాణాలు, చేతితో పట్టుకుని పేల్చే పెద్ద గొట్టపు తుపాకులు అక్కడ ఎక్కువ పనికొచ్చాయి. ఫ్లేమింగ్ యారోకు ఆ మేరకు ఆధారం ఉంది. అయితే 1614 చలికాలంలో ఒసాకా కోటను ముట్టడించినప్పుడు జపాన్ పాలకుడు తొకుగవా ఇయెయసు ఐరోపా వర్తకుల నుంచి కొన్న ఫిరంగులను మోహరించాడు. వాటి గుండ్ల వల్ల గోడలు పెద్దగా దెబ్బతినలేదు కానీ, కోట ప్రభువు తల్లి యోదొదోనో నివాసంలో ఆమె పరిచారికలు చనిపోయారు, ఆ తర్వాత సంధి కుదిరింది. మోరుతారు వాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఎదుటివాడి గ్రామీణులు పని చేసే చోటును కొడితే గోడను కొట్టినదాని కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

కొరియాను ఆ విస్తరణలో చేర్చి ఉండవలసిందని నేను కూడా అనుకుంటాను. 1451 నాటి హ్వాచా బండి ఒక్క విడతలో వంద రాకెట్ బాణాలు వదలగలిగేది. 1593లో హేంగ్జు కోట వద్ద కొరియా సేనాని గ్వోన్ యూల్ సేన తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన జపాన్ సేనను తిప్పికొట్టినప్పుడు ఆ బండ్లు పనికొచ్చాయి. జపాన్ ఉన్న ఆటలో దాని ప్రత్యర్థి లేకపోవడం వెలితే.

ప్రశ్న: నేను సొంతంగా యుద్ధ ఘట్టాలు తయారు చేసుకునేందుకు ఆటలో ఉన్న సినారియో ఎడిటర్‌తో 1687 గోల్కొండ ముట్టడిని తయారు చేస్తున్నాను. మొగలులకు, కుతుబ్‌షాహీలకు ఏయే ఫిరంగి దళాలు ఇవ్వాలి?
– లంగర్‌హౌజ్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: చాలా మంచి పని మొదలుపెట్టారు. రెండు పక్షాలకూ భారత్ నాగరికతనే ఇచ్చి, దళాల్లో తేడా చూపించండి. దాడి చేసే మొగలులకు సీజ్ ఎలిఫెంట్లు ఎక్కువగా, ఫ్లెయిల్ ఎలిఫెంట్లు తక్కువగా ఇవ్వండి. ఐరోపా మోర్టార్లను కూడా ఎడిటర్ ద్వారా పెట్టవచ్చు. ఔరంగజేబు పేరు చెక్కిన అజ్దహా పైకర్, ఫతే రహబర్ ఫిరంగులు నేటికీ గోల్కొండ బురుజుల మీద ఉన్నాయి. ఒక సెలవు రోజున వెళ్లి వాటి మూతి ఎంత వెడల్పుందో, గొట్టం గోడ ఎంత మందంగా ఉందో చూసి వస్తే మీ సినారియోలో ఫిరంగులు ఎంత నెమ్మదిగా కదలాలో మీకే తెలుస్తుంది.

కోట లోపలి పక్షాన్ని బలహీనంగా చేయవద్దు. ఇది చాలామంది చేసే పొరపాటు. కుతుబ్‌షాహీ ఫిరంగి దళానికి దక్కనులో మంచి పేరుంది, 1677లో శివాజీ కర్ణాటక దండయాత్రకు వెళ్లేటప్పుడు గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ ఆయనకు ధనంతో పాటు ఫిరంగులు కూడా సమకూర్చాడు. ముట్టడి తొలినాళ్లలోనే కోట నుంచి వచ్చిన గుండు తగిలి మొగల్ సేనాని ఖ్వాజా ఆబిద్ చేయి పోయి, ఆ గాయంతోనే మరణించాడు. ఆయన మనవడే తర్వాతి కాలంలో మొదటి నిజాం అయ్యాడు, ఆబిద్ సమాధి హిమాయత్‌సాగర్ దగ్గర ఉంది. అందువల్ల బురుజుల మీద దూరం కొట్టే ఫిరంగులను ఉంచి, ముట్టడిదారు సేనాని యూనిట్ వాటి పరిధిలోకి వస్తే ప్రాణాపాయం ఉండేలా చేయండి.

మొగలులు గోడ కింద సొరంగాలు తవ్వి మందు పెట్టారు. లోపలివారు వాటిని కనిపెట్టి కొంత మందు తీసేయడంతో పేలుడు బయటివైపే వచ్చి మొగల్ సైనికులే పెద్ద సంఖ్యలో చనిపోయారు. దీన్ని షరతు తీరగానే దానంతటదే పనిచేసే ఒక ట్రిగ్గర్‌గా పెట్టవచ్చు. ఆటగాడు సొరంగం ప్రయత్నించిన ప్రతిసారీ విజయం ఖాయం కాకుండా, లోపలి పక్షం దగ్గర ఫలానా సంఖ్యలో సైనికులు మిగిలి ఉంటే నష్టం దాడి చేసినవారికే జరిగేలా అమర్చండి. వానలు, నదుల పొంగు, శిబిరంలో కరువు మొగలులను ఎంతగా కుంగదీశాయో చూపించడానికి నిర్ణీత వ్యవధికి ఒకసారి వారి ఆహార నిల్వలు తగ్గించే ట్రిగ్గర్ సరిపోతుంది.

ఎనిమిది నెలలు కొట్టినా ఆ గోడలు ఫిరంగులకు లొంగలేదు. 1687 సెప్టెంబరులో లోపలి సర్దారుల్లో ఒకడు లంచం పుచ్చుకుని ద్వారం తెరిచినందువల్లే మొగలులు లోపలికి రాగలిగారు. సుల్తాను పక్షాన నిలిచిన సర్దారు అబ్దుల్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలయ్యేవరకు ద్వారం దగ్గర పోరాడాడు. కనుక గోడ కూలితే గెలుపు అన్న షరతు పెట్టకండి. మొగల్ ఆటగాడు తగినంత బంగారం కూడబెట్టి ఒక ద్వారపాలక యూనిట్‌ను చేరుకుంటే ద్వారం తెరుచుకోవాలి, ఆ క్షణంలో లారీ యూనిట్ కొద్దిమందితో అడ్డు నిలవాలి. ద్వారపాలకుడిని గోడ లోపలివైపు, ఫ్లెయిల్ ఎలిఫెంట్లకు అందని చోట ఉంచడం మరవకండి, లేకపోతే ఆటగాళ్లు అతన్నే మొదట చంపేస్తారు.